సెలవన్నాక పాటేమిటి

చీపురుపల్లి సన్యాసిరావు కుటుంబానికి తమ తెలివి మీద ఉన్న నమ్మకం ఇంతా అంతా కాదు. జనం ఒక మాట విని పది అర్థాలు తీస్తారు గనకే లోకంలో ఇన్ని గొడవలని సన్యాసిరావు సిద్ధాంతం. వాళ్ళింట్లో ఆ బాధ లేదు. ఏ మాట చెబితే ఆ మాటే. ఆమధ్య పక్కింటివాళ్ళు గృహప్రవేశానికి పిలిచి, మీ ఇల్లే అనుకోండి అన్నారు. అంతే. సన్యాసిరావు భార్య గుణవతి మర్నాడు పొద్దున్నే వెళ్ళి వాళ్ళ వంటిల్లు సర్దేసి, తనకి అక్కర్లేదనిపించిన గిన్నెలన్నీ పాతసామాన్లవాడికి వేసేసింది. పక్కింటావిడ ఎందుకు ఏడ్చిందో ఆ ఇంట్లో ఎవరికీ ఇప్పటికీ అంతుపట్టలేదు.

ఈ ఇంట్లో పెద్దదిక్కు సన్యాసిరావు తల్లి అచ్చియ్యమ్మ. ఆవిడకి విశాఖపట్నం కుర్రాళ్ళ రాక్ బ్యాండ్ ఒకటి, ఉప్పుగాలి అని, అదంటే ప్రాణం. మనవరాలు జాహ్నవి ఫోన్లో ఒకరోజు ‘ఆఖరి బస్సు’ పాట వింది, ఇంకేముంది, అప్పట్నుంచి ఆవిడకి భజన లేదు, సీరియల్ లేదు. ఆ పాటలో ఒకడు తల్లిని చూడ్డానికి ఊరికి బయల్దేరి, ఆఖరి బస్సు కోసం పరిగెత్తుతుంటాడు. బస్సు దొరికిందో లేదో ఆఖరి చరణంలో ఉంది. ఆ చరణం మాత్రం సభల్లో తప్ప ఎక్కడా పాడేది లేదని ఆ బ్యాండువాళ్ళ పట్టుదల. విన్నవాళ్ళు బయట చెప్పకూడదని అభిమానుల ఒట్టు. అచ్చియ్యమ్మకి అన్నం సయించేది కాదు. అవతల తల్లి కాచుకుని కూర్చుందే, ఇంతకీ వాడు చేరాడా లేదా అని ఒకటే బెంగ.

తల్లి బెంగ చూడలేక సన్యాసిరావు విశాఖపట్నం ఇండోర్ స్టేడియంలో సభకి నాలుగు టికెట్లు కొన్నాడు. ఆదివారం సాయంత్రం సభ. గుణవతి పెద్ద డబ్బా నిండా పులిహోర కలిపింది. గేటు దగ్గర గార్డు డబ్బా చూసి, బయటి తిండి లోపలికి తీసుకెళ్ళకూడదన్నాడు. సరే, న్యాయమైన మాటే కదా అని నలుగురూ మెట్ల మీద కూర్చుని డబ్బా ఖాళీ చేశారు. తీరా లేవబోతుంటే గుణవతికి ధర్మసందేహం వచ్చింది. కడుపులో ఉన్నదీ బయటి తిండే, దాన్నిప్పుడు లోపలికే తీసుకెళుతున్నాం. ఆ సంగతి దాచడం తప్పని సన్యాసిరావు వెళ్ళి గార్డుకి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. గార్డు వాళ్ళ నలుగురి మొహాలూ మార్చి మార్చి చూసి, అది అరిగిపోతుందిలే, పొండి బాబూ అన్నాడు. అరిగేదాకా లోపలికి వెళ్ళకూడదేమో అని జాహ్నవి అంది గాని, అదృష్టవశాత్తూ వెనకనుంచి జనం నెట్టేశారు.

లోపల చీకటి, రంగురంగుల దీపాలు. డప్పుల మోత మొదలవగానే స్టేడియం అంతా లేచి నిలబడింది. వీళ్ళు మాత్రం లేవలేదు. టికెట్టు మీద సీటని రాసుంటే నిలబడతారా ఎవరైనా? అచ్చియ్యమ్మకి ముందువాడి వీపు తప్ప ఇంకేమీ కనబడలేదు. పుణ్యానికి వాడు ఫోను పైకెత్తి పట్టుకున్నాడు. అందులో గాయకుడు రాకేందు అరచెయ్యంత కనబడ్డాడు. ఆ మాటకొస్తే ఆ ఫోను పట్టుకున్నవాడూ అందులోనే చూస్తున్నాడు. అంత డబ్బు పోసి అంత దూరం వచ్చి, జనమంతా ఎదురుగా ఉన్న మనిషిని ఫోన్లో చూస్తుంటే, తెలివితక్కువవాళ్ళని మనం వీళ్ళనే అనడం ఏం న్యాయమో నాకు తెలియదు.

రెండో పాటకి రాకేందు అందరినీ చేతులు పైకెత్తమన్నాడు. ఎత్తారు. పాట అయ్యాక జనం దించేశారు. వీళ్ళు దించలేదు. ఎత్తమన్నాడు గాని దించమనలేదే. మూడో పాట అయింది, నాలుగో పాట అయింది. గుణవతికి ముక్కు దురద పెడితే మొగుడి భుజానికేసి రుద్దుకుంది. జాహ్నవి చేతులు తిమ్మిరెక్కి ఏడుపు మొహం పెట్టింది. ఇంతలో రాకేందు జనంవైపు చెవి పెట్టి, నాకు వినబడటం లేదన్నాడు. జనం అరిచారు. ఇంకా వినబడటం లేదన్నాడు. జనం నవ్వుతూ గొంతులు చించుకున్నారు. అయినా వినబడలేదట.

“సచ్చినోళ్ళు నవ్వుతారేటి? పాపం, గుంటడికి సెవుడొచ్చీసింది. ఎవరికైనా సెప్పరా సన్నాసీ,” అంది అచ్చియ్యమ్మ.

సన్యాసిరావు చేతులు ఎత్తినవి ఎత్తినట్టే ఉంచి గార్డు కోసం బయల్దేరాడు. అతని వెనక గుణవతి, ఆవిడ వెనక జాహ్నవి, అందరికీ చేతులు పైనే. చూసినవాళ్ళు ఇదేదో కొత్త డాన్సు అనుకున్నారు. అంతే. కాలేజీ కుర్రాళ్ళు ఒక్కొక్కళ్ళే వెనక చేరారు, ఆఫీసరులా ఉన్న ఒక పెద్దమనిషి పెళ్ళాంతో సహా చేరాడు, చివరికి ఒక పెద్ద ఊరేగింపు గార్డు ముందు ఆగింది. పాడేవాడికి చెవుల డాక్టరు కావాలని సన్యాసిరావు విన్నవించాడు. గార్డు అతన్ని గుర్తుపట్టాడు. ఆ పిల్లాడికి అదే తగ్గిపోతుంది గాని, ముందు చేతులు దించి, వెళ్ళి కూర్చోమన్నాడు. ఆ మాట చెప్పే నాథుడు దొరికినందుకు గుణవతి గార్డుకి దణ్ణం పెట్టింది.

పాటలు నడుస్తూనే ఉన్నాయి. ‘ఆఖరి బస్సు’ మాత్రం రాలేదు. అచ్చియ్యమ్మ ప్రతి పాట మొదట్లోనూ ముందుకి వంగేది, అది కాదని తెలిసి వెనక్కి వాలేది. చివరికి రాకేందు నుదుటి చెమట తుడుచుకుని, “ఇంతటితో అయిపోయింది. ఇక సెలవు. అందరూ జాగ్రత్తగా ఇళ్ళకి వెళ్ళండి,” అన్నాడు. దీపాలు ఆరిపోయాయి.

ఇలాంటి సభల్లో సెలవంటే సెలవు కాదు. జనం ఇంకొకటి, ఇంకొకటి అని అరవాలి, వాళ్ళు మనసు కరిగినట్టు తిరిగి రావాలి, అట్టేపెట్టుకున్న అసలు పాట అప్పుడు పాడాలి. పాడేవాళ్ళకీ తెలుసు, వినేవాళ్ళకీ తెలుసు. అందరూ కలిసి ఆడే అబద్ధం అది. తెలియనిది ఆ నలుగురికే.

అచ్చియ్యమ్మ కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. అయినా వెళ్ళమన్నాక వెళ్ళాలి గదా. కదలకుండా అరుస్తున్న జనాన్ని సన్యాసిరావు నాలుగు చీవాట్లు పెట్టి, తల్లిని పట్టుకుని జాగ్రత్తగా బయటికి తీసుకొచ్చాడు. ఒకసారి బయటికొస్తే మళ్ళీ లోపలికి రానిచ్చేది లేదని చెప్పి, వెనక గేటు మూసేశారు.

వీధిలోకి వచ్చారో లేదో, లోపలినుంచి గిటారు మోగింది. అచ్చియ్యమ్మ ఉన్నచోటే ఆగిపోయింది. అదే, ‘ఆఖరి బస్సు’. ఒక్క క్షణం ఆవిడ మొహం వెలిగిపోయింది. మరుక్షణం గుండెలు బాదుకుంది. ఎల్లొస్తానని చెప్పిన పిల్లాణ్ణి పట్టుకుని పాడిస్తున్నారు, ఇదెక్కడి అన్యాయం అంది. ఇంకేముంది, సన్యాసిరావు పోలీసులకి ఫోన్ చేశాడు. దీపాలారిపోయిన చోట వేలమంది జనం నలుగురు కుర్రాళ్ళని చుట్టుముట్టారు, సెలవన్నా వదలడం లేదు, పెద్దగా అరుస్తూ బలవంతాన పాడిస్తున్నారు అని చెప్పాడు. అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

జీపు వచ్చింది. పోలీసులు లోపలికి పరిగెత్తారు. వీధిలో అచ్చియ్యమ్మ చెవులు రిక్కించి నిలబడింది. లోపల రాకేందు ఆఖరి చరణం ఎత్తుకున్నాడు. మలుపు తిరిగి బస్సు దీపాలు కనబడ్డాయి, వాడు చెయ్యెత్తి పరిగెత్తుతున్నాడు, అంతే, పాట తెగిపోయింది.

కాసేపటికి ఇన్‌స్పెక్టరు పళ్ళు నూరుకుంటూ వచ్చాడు. ఫోన్ చేసిన మహానుభావుడెవరని అడిగాడు. వెంట వచ్చిన రాకేందు మాత్రం సంగతంతా వినీ వినగానే పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ చరణం కోసమే ఈ ముసలావిడ చీపురుపల్లి నుంచి వచ్చిందని జాహ్నవి చెప్పాక నవ్వడం మానేశాడు. అచ్చియ్యమ్మ ఎదురుగా మెట్టు మీద కూర్చుని గిటారు ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మామ్మగారూ, ఇప్పటిదాకా అంతమందికీ పాడాను. ఇది మీ ఒక్కరికే పాడతాను, వినండి,” అన్నాడు.

అచ్చియ్యమ్మ ఇన్నాళ్ళ బెంగకి జవాబు అతని పెదాల మీద ఉంది. అతను నోరు తెరిచాడు. ఆవిడ గబుక్కున అరచేత్తో ఆ నోరు మూసేసింది.

“ఒద్దు నాయనా. సెలవన్నావు, ఇక సెలవే. నా కోసం నీ మాట తప్పించనేటి? మీ అమ్మ ఎదురుసూస్తుంటాది, ఎల్పో.”

అతను ఏదో చెప్పబోయాడు గాని ఆవిడ చెయ్యి తియ్యలేదు. సన్యాసిరావు ఆటో పిలిచాడు. నలుగురూ కలిసి అతన్ని గిటారుతో సహా అందులోకి ఎక్కించారు. అచ్చియ్యమ్మ కళ్ళు తుడుచుకుని, డ్రైవరు దగ్గరికి వంగి చెప్పింది.

“బాబూ, తిన్నగా ఇంటికి తీసుకెల్లు. దార్లో పాడితే మాత్రం ఊరుకోకు.”