తరబిన్ వంతుల ఎల్లమ్మ

ఆస్ట్రేలియా దేశంలో అడిలైడ్ నగరానికి ఉత్తరంగా మూడు వందల పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో, గోధుమ పొలాల నడుమ తరబిన్ అనే చిన్న ఊరు ఉంది. కారులో నాలుగు గంటల ప్రయాణం. చివరి పెట్రోలు బంకు అరవై నాలుగు కిలోమీటర్ల ముందే వస్తుంది కాబట్టి భక్తులు అక్కడే ట్యాంకు నింపుకోవాలి. ఊళ్లో ఇప్పుడు నివసించేవారు పదిహేడు మంది. రైలు పట్టాలు ఉన్నాయి, రైలు రాదు. ధాన్యం నిల్వ చేసే నాలుగు ఎత్తైన గిడ్డంగులు, వాటి ముందు లారీలు తూచే వేబ్రిడ్జి, రోడ్డుకు ఇవతల తలుపులు మూసిన పాత హోటలు కనిపిస్తాయి. హోటలుకు ఎదురుగా, వేబ్రిడ్జి కంచె పక్కన, రేకుల పందిరి కింద మూరెడు ఎత్తున్న ఎర్రరాయి రూపంలో శ్రీ రేణుకా ఎల్లమ్మ తల్లి కొలువై ఉంది. ఈ తల్లినే వంతుల ఎల్లమ్మ అంటారు. ఆ పేరు ఎలా వచ్చిందో తెలిపేదే ఈ స్థల పురాణం.

పూర్వం ఇక్కడ వేబ్రిడ్జి దగ్గర బొమ్మగాని సాయిలు అనే గౌడ యువకుడు ఉద్యోగం చేసేవాడు. ఆయనది జనగామ దగ్గర ఒక పల్లె. తండ్రి కల్లు గీసేవాడు. తాటివనంలో నలభై మందికి పోసి, తాను చుక్క ముట్టకుండా ఇంటికి వచ్చే మనిషి. అవసాన దశలో ఆ తండ్రి కొడుకు చేత తన చేతిలో చెయ్యి వేయించుకుని, "నువ్వూ ముట్టకు బిడ్డా" అని మాట తీసుకున్నాడు. సాయిలు ఆ మాటను సముద్రం దాటించి తెచ్చుకున్నాడు.

తరబిన్‌లో మనుషులు కలుసుకునే చోటు ఒక్కటే, ఆ హోటలు. పేరుకు హోటలే గాని, అక్కడివాళ్లకు అది పబ్బు. శుక్రవారం సాయంత్రం పొలాల నుంచి, గొర్రెల దొడ్ల నుంచి అందరూ వచ్చి బల్లల చుట్టూ చేరేవారు. సాయిలు వచ్చిన మొదటి శుక్రవారం డెస్ అనే ముసలి గొర్రెల కాపరి ఆయనను పిలిచి తన బల్ల దగ్గర కూర్చోబెట్టుకున్నాడు. లేచి వెళ్లి అయిదు గ్లాసుల బీరు తెచ్చి, ఒకటి సాయిలు ముందు పెట్టాడు.

సాయిలు పుట్టిన ఊళ్లో తాగనివాడు కల్లు వరసలో కూర్చోడు. కూర్చుంటే తాగేవాళ్ల సరదా చెడుతుందని, వాళ్లను తప్పు పట్టినట్టు అవుతుందని అంటారు. అందుకని ఆయన గ్లాసును మెల్లగా పక్కకు జరిపి, నమస్కారం పెట్టి, బయటకు నడిచాడు. గొప్ప మర్యాద చేశాననే అనుకున్నాడు.

ఆ రోజు నుంచి ఆయనను ఎవరూ పిలవలేదు. తిట్టలేదు, కొట్టలేదు. లారీ డ్రైవర్లు బరువు చీటీ తీసుకుని "మంచిది" అనేవారు, ఆయన "మంచిది" అనేవాడు. ఒక వారం సాయిలు లెక్క వేసుకుంటే, ఏడు రోజుల్లో తన నోటి నుంచి వచ్చినవి నలభై ఒక్క మాటలు. అందులో ముప్పై లారీల నంబర్లే. సాయంత్రమైతే రోడ్డుకు అవతల నుంచి నవ్వులు వినిపించేవి. ఆయన క్యాబిన్‌లో స్టూలు మీద కూర్చుని వినేవాడు. తాను చేసిన తప్పేమిటో ఎంత వెతికినా దొరికేది కాదు.

మనిషి తోడు లేకపోయేసరికి సాయిలు దేవుణ్ణి వెతుక్కున్నాడు. రైతులు పొలంలో ఏరి గట్టున పోసిన రాళ్ల కుప్పలోంచి ఒక ఎర్రరాయిని అడిగి తెచ్చుకుని, కడిగి, పసుపు పూసి, కంచె పక్కన నిలబెట్టాడు. తమ ఇంటి ఇలవేల్పు ఎల్లమ్మనే అందులోకి పిలుచుకున్నాడు. ప్రతి శుక్రవారం చెంబెడు నీళ్లు పోసి దండం పెట్టుకునేవాడు.

అలా మూడు కోతలు గడిచాయి. నాలుగో కోత ముగియగానే ఉద్యోగం మానేసి వెళ్లిపోవాలని సాయిలు నిశ్చయించుకున్నాడు. ఎక్కడికన్నది ఆలోచించలేదు. మరొక మనిషి మాట వినిపించే చోటు ఏదైనా చాలనుకున్నాడు.

ఆ వేసవిలో ఒక శుక్రవారం మధ్యాహ్నం, ఎండ నలభై ఒక్క డిగ్రీలు. లారీలు లేవు. క్యాబిన్‌లో కునుకు పట్టిన సాయిలుకు కల వచ్చింది. నడివయసు స్త్రీ ఒకతె ఎర్రచీర కట్టుకుని, చంకన ఖాళీ కుండతో వచ్చి వేబ్రిడ్జి మధ్యలో చతికిలపడింది. తూకం ముల్లు కదలలేదు.

"రోడ్డవతల ఆ ఇంట్ల అందరికీ పోస్తున్నరు. నా వంతు ఎప్పుడురా?" అని అడిగింది.

"అమ్మా, ఈ దేశంల తాటిచెట్టు లేదు. కల్లు యాడికెళ్లి తేవాలె?"

"చెట్టు అడిగిన్నా నేను? వంతు అడిగిన. నాకు సాక పొయ్యి. మిగిలింది నేల పాలు చెయ్యకు, నా ప్రసాదం అది. ఎవరన్న తాగాలె."

సాయిలు ఉలిక్కిపడి లేచాడు. సాక అంటే దేవత ముందు ధారగా పోసే తొలి నివేదన. కల్లు దొరకని చోట ఆ ఊరి పానీయమే సాక అని ఆయనకు అర్థమైంది. మూడేళ్ల తరువాత మొదటిసారి రోడ్డు దాటి పబ్బులో అడుగుపెట్టాడు. యజమానురాలు బెరిల్ గ్లాసులు తుడుస్తోంది.

"ఒక బీరు కావాలి."

"నీకా?" అంది ఆమె, చేతిలో గుడ్డ ఆపి.

"కాదు. మా అమ్మకు."

"మీ అమ్మ వచ్చిందా! ఎక్కడ?"

"రోడ్డుకు అవతల."

బెరిల్ కిటికీలోంచి చూసింది. కంచె, రాయి, ఎండ తప్ప ఏమీ లేవు. అయినా స్కూనర్ గ్లాసు నింపి ఇచ్చింది. ఆ రాష్ట్రంలో స్కూనర్ అంటే రెండు వందల ఎనభై అయిదు మిల్లీలీటర్లు. "గ్లాసు మాత్రం తిరిగి తెచ్చివ్వు" అంది.

సాయిలు రాయి ముందు మూడు ధారలు సాక పోశాడు. గ్లాసులో ముప్పాతిక భాగం మిగిలింది. ఇప్పుడు వచ్చింది చిక్కు. తాను తాగితే తండ్రికిచ్చిన మాట పోతుంది. పారబోస్తే అమ్మవారి ప్రసాదం నేల పాలవుతుంది. మూడేళ్లుగా పిలవని పబ్బువాళ్లను అడగడానికి మొహం చెల్లలేదు, ఇవ్వడానికి వేరే మనిషి లేడు. ఈగలు వాలకుండా గ్లాసు మీద అరచెయ్యి మూసి, సాయిలు రోడ్డు పక్కన నిలబడ్డాడు.

ఒంటి గంట దాటింది. ఒక లారీ వచ్చింది. డ్రైవరు నవ్వి, బండి నడపాలని చెప్పి వెళ్లిపోయాడు. మూడింటికి వచ్చిన కారు ఆగనే లేదు. నురుగు పోయింది, చల్లదనం పోయింది. చెయ్యి తిమ్మిరెక్కితే గ్లాసును రెండో చేతికి మార్చుకున్నాడు. ఇంత పెద్ద దేశంలో ఒక్క గుక్క తాగిపెట్టే మనిషి తనకు లేడు కదా అని అప్పుడు సాయిలు కళ్లు చెమర్చాయి.

ఆరు గంటలకు పబ్బు వరండాలోంచి డెస్ దిగి వచ్చాడు. వెనక ఆయన కుక్క. మధ్యాహ్నం నుంచి అక్కడే కూర్చుని అంతా చూస్తున్నాడు.

"అబ్బాయ్, ఆ బీరు ఏం పాపం చేసిందని అలా ఎండబెడుతున్నావు?"

"ఎండబెట్టడం లేదు సార్. ఇది అమ్మవారిది. నేను తాగను, పారబోయకూడదు. ఎవరైనా తీసుకోవాలి."

"మూడేళ్ల కిందట నేను తెచ్చిందీ నువ్వు తాగలేదు."

"తాగనివాడు మధ్యలో కూర్చుంటే మీకు బాగుండదని లేచిపోయాను సార్."

డెస్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "మేమేమనుకున్నామో తెలుసా? నీ వంతు వచ్చేలోగా జారుకున్నావని. ఇక్కడ ఒక్కొక్కరు ఒక్కో వంతు బల్లంతటికీ తెస్తారు. దొంగతనమైనా క్షమిస్తాం గాని, వంతు ఎగ్గొట్టిన వాణ్ణి పిలవం."

"తాగనివాడికి వంతేమిటి సార్?"

"నీ గ్లాసులో ఏముందో ఎవడు చూస్తాడయ్యా! మంచినీళ్లు తాగు. లేచి వెళ్లి, మిగతావాళ్లకు తెచ్చిపెట్టు. అంతే కదా మేం అడిగింది."

సాయిలు గ్లాసు మీది చెయ్యి తీశాడు. తాటివనంలో ఒక్క చుక్క ముట్టకుండా అందరికీ పోసిన తండ్రి కళ్లముందు మెదిలాడు. మూడేళ్లు, అంటే నూట యాభైకి పైగా శుక్రవారాలు, ఆ పని చేయడానికి తనకు ఒక కుర్చీ ఖాళీగానే ఉందని అప్పుడు తెలిసింది.

డెస్ ఆ గ్లాసు అందుకున్నాడు. అయిదు గంటల పాటు ఎండకు కాగిన ఆ బీరును కళ్లు మూసుకుని గడగడా తాగేశాడు. "డెబ్బై ఏళ్లలో ఇంత దరిద్రపు బీరు తాగలేదు. మీ అమ్మకు చెప్పు" అని మూతి తుడుచుకున్నాడు. "ఇక వంతు నాది. నీకేం తేను?"

"లెమనేడ్" అన్నాడు సాయిలు.

ఆయన తరబిన్ విడిచి వెళ్లలేదు. పదకొండేళ్ల పాటు ప్రతి శుక్రవారం అమ్మవారికి సాక పోసి, మిగిలింది డెస్‌కు ఇచ్చి, తరువాత బల్లంతటికీ తన వంతు తెచ్చేవాడు. వానలు ముఖం చాటేశాక రైతులు ఒక్కొక్కరే పొలాలు అమ్ముకున్నారు. డెస్ కాలం చేశాడు. బెరిల్ తలుపులకు తాళం వేసి కూతురి దగ్గరకు వెళ్లిపోయింది. ఆ తరువాతి శుక్రవారం సాయిలు పక్క ఊరి నుంచి తెచ్చుకున్న బీరుతో సాక పోసి, మిగిలిన గ్లాసుతో నిలబడితే చీకటి పడేదాకా ఎవరూ రాలేదు. గ్లాసు మీద పళ్లెం మూసి ఇంటికి తీసుకెళ్లి, మర్నాడు మళ్లీ తెచ్చి నిలబడ్డాడు. మూడో రోజున రోడ్డు బాగుచేసే యంత్రం నడిపే స్త్రీ ఒకతె ఆగి, కారణం విని, పని ముగించుకుని వచ్చి తాగి వెళ్లింది. సాయిలు చివరి శుక్రవారం వరకు ఈ నియమం తప్పలేదు.

నేటికీ ఇక్కడ ఇదే ఆచారం. భక్తులు తమకు ఇష్టమైన పానీయం తెచ్చుకోవచ్చు. బీరు, ద్రాక్షసారా, మజ్జిగ, కొబ్బరినీళ్లు, ఏదైనా అమ్మవారికి సమ్మతమే. మూడు ధారలు సాక పోశాక మిగిలినది తెచ్చినవారు తాగకూడదు. పక్కనున్న పరాయివారికి ఇవ్వాలి, వారిచ్చింది పుచ్చుకోవాలి. ఒంటరిగా వచ్చినవారు మరొకరు వచ్చేదాకా ఆగాలి. పండుగ రోజుల్లో నాలుగు నిమిషాలు కూడా పట్టదు. మామూలు రోజుల్లో సగటున రెండు గంటల పది నిమిషాలు పడుతోంది. కిందటేడు పోర్ట్ అగస్టా ఆసుపత్రిలో పనిచేసే నర్సు ఒకతె తొమ్మిది గంటలు నిలబడింది. ఈ తల్లి దగ్గర వంతు ఇచ్చి పుచ్చుకున్నవారికి పిలిచే మనిషి లేని రోజు ఉండదని భక్తుల విశ్వాసం.

దర్శనానికి రానివారికి కూడా ఆలయ కమిటీ మనవి ఒకటి ఉంది. తరబిన్ మీదుగా వెళ్లేటప్పుడు కంచె పక్కన గ్లాసు మీద అరచెయ్యి మూసుకుని ఎవరైనా నిలబడి కనిపిస్తే, దయచేసి బండి ఆపండి. బండి నడిపేవారి కోసం పందిరి కింద కుండలో మజ్జిగ ఉంటుంది. నిలబడినవారి గ్లాసులో మీరు తాగగలిగింది లేకపోతే, ఆ మజ్జిగ వారి చేతి మీదుగా పుచ్చుకోండి. అమ్మవారు దానిని కూడా వంతుగానే స్వీకరిస్తుంది.