దొర ముందు నడవని ఎడ్లు

గుమ్మడిపేట జమీందారు జగపతిరాజు మీసం ఊళ్లోకి వచ్చిన అరగంటకు గానీ మనిషి వచ్చేవాడు కాదు. తన జీపు ముందు ఈగ ఎగిరినా నేరమేనని చాటింపు వేయించిన ఘనుడాయన. బండి తోలుకుని బతికే పోలినాయుడి ఎడ్లు ఒకనాడు జీపును దాటాయని, వాటిని బందెలదొడ్డిలో పెట్టించాడు.

వారం తిరక్కుండా, నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే ఆ జీపు ఊరికి మూడు కోసుల దూరంలో చచ్చి పడుకుంది. ఏనుగుల్లాంటి ఇరవైమంది నౌకర్లు తోసినా కదల్లేదు. గేరు విడిపించాలని దొరకు తడితేగా! చివరికి ఎడ్లను దొడ్డి నుంచి విడిపించి, పోలినాయుణ్ణి వాటితో సహా రప్పించారు.

“గీత పడకుండా కోటకు చేర్చు. ఎడ్లు నా ముందు నడిచాయో, మళ్లీ దొడ్డికే!” అన్నాడు దొర.

“చిత్తం బాబయ్యా. గేరు విడిపించి, బ్రేకు మీద కాలుంచి కూర్చోండి.”

పోలినాయుడు తాడును జీపు వెనక కొక్కేనికి కట్టి ఎడ్లను అదిలించాడు. జీపు వెనక్కి నడిచింది. దొర మెడ తిప్పుకుని స్టీరింగు పట్టుకున్నాడు. ఊరి మొదట్లో సంత జనం నోళ్లకు కండువాలు అడ్డం పెట్టుకున్నారు.

“ఒరే, ఎడ్లను ముందు కట్టరా!”

“కడతాను బాబయ్యా. చాటింపు తీసేశానని వీళ్లందరూ వినేలా అనండి. లేదంటే ఇవి దొడ్డికే పోతాయి.”

దొర మీసం తడిసిన పిల్లితోకలా వేలాడింది. “తీసేశాను! కట్టు!”

జనం జీపు ముఖాన్ని కోట వైపు తిప్పారు; తాడు ముందుకు మారింది. సంత నుంచి తిరిగొస్తున్న ఎడ్లబళ్లన్నీ జీపును దాటుకుంటూ పోయాయి. దొర బ్రేకు తొక్కి, ఒక్కో బండికీ దారి ఇచ్చాడు.