దస్తగిరి తాత బొటనవేలు

మద్దిలేటి అద్దం సాయంత్రం బాగుండేది. పొద్దునకి పాడయ్యేది.

అది ముఖం చూసుకునే అద్దం కాదు. గ్రహాలను చూసే దుర్భిణి అడుగున కూర్చోబెట్టే ఆరంగుళాల గాజుబిళ్ళ. పళ్ళెంలా సన్నటి లోతు ఉండాలి, ఆ లోతులో ఎక్కడా గుట్టగానీ గుంటగానీ ఉండకూడదు. వెంట్రుక మందంలో వెయ్యోవంతు తేడా వచ్చినా చుక్క చెదిరి కనిపిస్తుంది. నలభై రోజులుగా మద్దిలేటి దాన్ని రుద్దుతూనే ఉన్నాడు. అన్నాళ్లు రుద్దితే మనిషైనా నునుపు తేలేవాడు, ఆ గాజు మాత్రం తేలలేదు.

మద్దిలేటి ఆదోని దగ్గర ఒక పల్లెలో హైస్కూలు సైన్సు అయివారు. రసాయనశాస్త్రం పెద్ద చదువే చదివాడు. ఉత్సాహం పట్టలేక పదో తరగతి పిల్లలకు ఒక మాట ఇచ్చేశాడు. చివరి పరీక్ష రాసిన సాయంత్రం శనిగ్రహం చుట్టూ ఉన్న వలయాలు చూపిస్తానని. ఆ మర్నాటి నుంచి ఆ పిల్లలు తలో దిక్కుకూ పోతారు. సగంమంది అమ్మానాన్నల వెంట కూలిపనులకు ఊళ్లు పట్టుకుని వెళ్తారు. వాళ్లలో మళ్లీ పుస్తకం ముట్టేది ఎందరో తెలియదు. ఆ చివరి పరీక్షకు ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి. "అద్దం అయిందా సార్?" అని పిల్లలు రోజూ అడుగుతున్నారు. అతను రోజూ బోర్డు వైపు తిరిగి ఏదో ఒకటి రాస్తున్నాడు.

అద్దం అరగదీయడం నేర్పుతున్నది దస్తగిరి. ఆదోని బజారు వెనక సందులో నలభై ఏళ్లు కళ్ళద్దాలు అరగదీసిన మనిషి. ప్లాస్టిక్ అద్దాలు వచ్చి ఆ పని పోయింది. చేతిలో ఉన్న విద్య ఊరుకోనివ్వక, అడిగిన వాళ్లకు దుర్భిణి అద్దాలు చేయడం నేర్పుతున్నాడు. శిష్యుడు గురువును 'తాతా' అంటాడు, గురువు శిష్యుణ్ణి 'అయివారూ' అంటాడు. బయటివాళ్లు వింటే ఎవరి దగ్గర ఎవరు నేర్చుకుంటున్నారో తేల్చుకోలేరు.

ఆ రోజు బడికి సెలవు. మద్దిలేటి పొద్దున్నే వచ్చి, కొట్టు వెనక చీకటి గదిలో అద్దాన్ని పరీక్షించాడు. పరీక్ష అంటే పెద్ద యంత్రమేమీ కాదు. అద్దాన్ని చెక్క స్టాండులో నిలబెట్టి, ఎదురుగా చిన్న దీపం పెట్టి, తిరిగి వచ్చే వెలుగుకు గడ్డం గీసుకునే బ్లేడు అడ్డం పెట్టి చూడడమే. కంటికి ఆనని లోపాలు కూడా అప్పుడు నీడలు కట్టి కనిపిస్తాయి. నిన్న సాయంత్రం సమంగా ఉన్న అద్దం నడుమ ఇవాళ గుంట ఉంది. మొన్నా ఇంతే, అటుమొన్నా ఇంతే.

బయటికి వచ్చి సంచిలోంచి కొత్త డబ్బా తీశాడు.

"తాతా, తప్పు నా చేతిది కాదు. నీ పాలిష్ పొడిది."

"అట్లనా?" అన్నాడు దస్తగిరి.

"ఇది బెంగళూరు నుంచి తెప్పించినా. కల్తీ లేని సీరియం ఆక్సైడ్. ఎంత తెల్లగా ఉందో చూడు. నీ గులాబీరంగు పొడిలో సీరియం ఒక్కటే కాదు, దాని చుట్టాలందరూ ఉన్నారు. ల్యాంథనం, ప్రాసియోడిమియం, నియోడిమియం."

"నా పెండ్లికొచ్చిన చుట్టాల పేర్లు గూడా ఇంత కష్టం లేవప్పా." దస్తగిరి గోడకు ఆనుకొని కూర్చున్నాడు. "నలభై ఏండ్లు చేతికి పూసుకున్నా, అదేందో నాకు తెలీదు. చెప్పు అయివారూ, ఇంటా."

మద్దిలేటికి పాఠం చెప్పమంటే ఆకలి కూడా గుర్తుండదు.

"సీరియం ఒక లోహం తాతా. మన భీమిలి దిక్కు సముద్రం ఇసుకలో ఉంటాది. అరుదైన లోహమని పేరేగానీ భూమిలో రాగి ఎంతుందో ఇదీ ఇంచుమించు అంతే ఉంది. కోస్తే వెండి మాదిరి మెరుస్తాది, గాలి తగిలితే మసకబారతాది. గీకితే నిప్పురవ్వలు రాలతాయి. నీ లైటర్లో రాయి ఉంది గదా, అది రాయి కాదు. ఇనుము కలిపిన ఈ లోహమే. పెట్రోమాక్స్ లైటులో మాంటిలు తెల్లగా వెలగాలన్నా ఇది చిటికెడు పడాల."

దస్తగిరి జేబులోంచి లైటరు తీసి, ఎన్నాళ్లనుంచో ఎదురింట్లో ఉంటున్న మనిషి గొప్పవాడని ఇప్పుడే తెలిసినట్టు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మరి గాజును నున్నగా ఎట్లా చేస్తాది? గాజు కంటే గట్టిదా?"

"అదే గమ్మత్తు. బలంతో గీకితే గాజుకు గీతలు పడతాయి. ఇది నీళ్లలో గాజును మెత్తగా పట్టుకుంటాది. పట్టుకొని, పైపొర రవ్వంత తనతో తీసుకొని పోతాది. కడిగేసినాక అద్దంలో దీని ఆనవాలే ఉండదు."

"ఎంత మంచిది, పాపం!" అన్నాడు దస్తగిరి మనస్ఫూర్తిగా. "అట్లాంటి దాని మీద నేరం ఎందుకు మోపుతాండావు?"

మద్దిలేటి డబ్బా మూత తీశాడు. "సరేలే. నీ తెల్లపొడితోనే రుద్దు. నేను చూస్తా" అన్నాడు ముసలాయన.

మద్దిలేటి అద్దం వంపుకు తగ్గట్టు తారు పోసిన పలక మీద పొడి కలిపిన నీళ్లు పూసి, అద్దాన్ని దాని మీద బోర్లించి, రెండు అరచేతులూ గాజు వీపున ఆనించి రుద్దడం మొదలుపెట్టాడు. గుంట పోవాలంటే చుట్టూ ఉన్నదంతా రవ్వంత దిగాలి. పసిబిడ్డకు నలుగు పెడుతున్నంత ముద్దుగా రుద్దాడు. మధ్యాహ్నం దాకా చెయ్యి ఎత్తలేదు. తర్వాత కడిగి, తుడిచి, గుండెకు హత్తుకొని చీకటి గదిలోకి తీసుకుపోయాడు. దస్తగిరి వెనకే వెళ్లాడు.

గుంట పోయింది. కానీ నడిమధ్య చిన్న గుట్ట లేచింది.

"రోజూ ఇంతే తాతా. ఈ గుట్ట ఒక్కటీ తీసేస్తా, సమంగా వస్తాది, ఇంటికి పోతా. పొద్దున వచ్చేసరికి గుంట." పొడి డబ్బా కోసం చెయ్యి చాపాడు. డబ్బా అక్కడ లేదు. దస్తగిరి చంకలో ఉంది.

ముసలాయన రెండో చెయ్యి చాపి, బొటనవేలిని శుభ్రంగా తుడుచుకొని, అద్దానికి ఒక పక్కగా ఆనించాడు.

"తాతా! వేలు! అద్దం!"

"ఉండప్పా." తాపీగా అరవై దాకా లెక్కపెట్టాడు. వేలు తీసి, దాని మరక మెత్తటి గుడ్డతో తుడిచాడు. "ఇప్పుడు చూడు."

మద్దిలేటి బ్లేడు దగ్గర కన్ను పెట్టాడు. నడుమ గుట్ట పక్కన ఇంకో గుట్ట. బొటనవేలంత వెడల్పున, స్పష్టంగా.

"చెడగొట్టినావు తాతా." అన్నాడు మద్దిలేటి. "ఎనిమిది దినాలే ఉంది. వెండిపూతకే నాలుగు దినాలు పోతాది. పిల్లోళ్లకు ఏం చెప్పేది నేను?"

"దీన్ని తీసేదానికి ఎంతసేపు రుద్దాల?"

"గంట."

"సరే. ఆ గంట కూర్చో."

మద్దిలేటికి ఏడుపొక్కటే తక్కువ. అయినా ఆ మాటకు ఎదురు చెప్పే ధైర్యం లేక కూర్చున్నాడు. మనసు నిలవక కాసేపటికి లేచి కన్ను పెట్టి చూశాడు. వేలిగుట్ట సగమైంది. కళ్లు నులుముకొని, ఇంకాసేపటికి మళ్లీ చూశాడు. ఆ గుట్ట అసలు లేదు. తిరిగి చూస్తే పొడి డబ్బా మూత పెట్టినట్టే ముసలాయన ఒళ్లో ఉంది.

మూడోసారి చూసినప్పుడు నడుమ ఉన్న గుట్ట కూడా తగ్గింది.

మద్దిలేటి బ్లేడు దగ్గర నుంచి లేచాడు. దీపం పక్కన తన రెండు అరచేతులూ చాపి వాటినే చూస్తూ ఉండిపోయాడు. రుద్దీ రుద్దీ అవి ఎర్రగా, వెచ్చగా ఉన్నాయి.

"అంటే, ఇన్ని దినాలూ నేను రుద్దింది నా చేతుల వేడికి ఉబ్బిన గుట్టను. అది చల్లారితే..." అని ఆగిపోయాడు.

దస్తగిరి లేచాడు. ముందువైపు కొట్టులోకి వెళ్లి, ఇంటి నుంచి వచ్చిన మూట తెచ్చి విప్పాడు. జొన్నరొట్టె తుంచి, చెనిగ్గింజల పొడి అద్ది, ఆ వెచ్చని అరచేతిలో పెట్టాడు.

"తిను అయివారూ. చెయ్యి ఖాళీగా ఉంటే మళ్లా అద్దం మీదికే పోతాది."

ఇద్దరూ ఆ మసక గదిలోనే గోడకు ఆనుకొని తిన్నారు. మద్దిలేటికి అవమానంగానే ఉంది, కానీ ఆ ముసలాయన పక్కన అవమానం కూడా పెద్దగా బాధించలేదు. రొట్టె అయిపోయింది. నీళ్లు తాగారు. దస్తగిరి నమాజు చేసుకొని వచ్చాడు.

"ఇప్పుడు చూడు" అన్నాడు.

మద్దిలేటి వంగి చూశాడు. గుట్ట లేదు. గుంట లేదు. అద్దం ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే నీడగా, మెత్తగా ఉంది. చల్లారాక కూడా సమంగా ఉన్న అద్దాన్ని నలభై రోజుల్లో అతను చూడడం ఇదే మొదలు.

"తాతా, పిల్లోళ్లకు చెప్పేదా?"

"చెప్పుకో."

సంతోషం పట్టలేక మద్దిలేటి ఒక్క అంగలో అద్దం ముందుకు పోయి, దాన్ని ఎత్తి గుండెకు హత్తుకోవడానికి రెండు చేతులూ చాపాడు.

"అయివారూ!"

చేతులు గాజుకు బెత్తెడు దూరంలో ఆగాయి. కాసేపు అక్కడే ఉన్నాయి.

తర్వాత మద్దిలేటి వాటిని మెల్లగా వెనక్కి తీసుకొని, తన పదో తరగతి పిల్లలు తన ముందు నిలబడినట్టే, అద్దం ముందు చేతులు కట్టుకొని నిలబడ్డాడు.