మెడ చాచిన మంగలి సింగన్న

అనగా అనగా, ఏ రాజు ఏలాడో కూడా ఎవరికీ గుర్తులేని కాలంలో, గద్దలగట్టు మీద ఒక చెరసాల ఉండేది. అందులో ముసలి ఖైదీలే ఎక్కువ. వయసులో ఉండగా తప్పుచేసి వచ్చి, అక్కడే తల నెరిసినవాళ్ళు. కొందరికి ఎందుకొచ్చారో కూడా మరుపొచ్చింది.

అక్కడొక కట్టడి ఉండేది. ముసలివాడు కేక పెట్టాడంటే దయ్యం పట్టినట్టే లెక్క. వాణ్ణి నడుముకు మోకు కట్టి చీకటి గోతిలోకి దించేవాళ్ళు.

నెలకోసారి కింది ఊరి మంగలి సింగన్న గట్టెక్కి వాళ్ళకు గడ్డాలు గీసేవాడు. భయస్తుడు. భటుడు దగ్గినా ఉలిక్కిపడేవాడు.

ఒక నెల ఒక ముసలాయన కత్తిని చూసి, చంపడానికొచ్చారని కేక పెట్టాడు. గోతిలోకి దించారు. తొమ్మిదో రోజున పైకి తీస్తే తన పేరు తనకే తెలియలేదు. సింగన్న చూశాడు, నోరెత్తలేదు.

మరునెల ఇంకో ముసలాయన కేక పెట్టాడు. గోతిలోకి దించారు. పైకి శవం వచ్చింది. సింగన్న చూశాడు, నోరెత్తలేదు. వాళ్ళు అరిచింది నా కత్తిని చూసే అని ఇంటికెళ్ళి భార్యతో మాత్రం అన్నాడట.

మూడో నెల ఓబులయ్య వంతు. ముప్పై ఏళ్ళ కిందట పొలం తగాదాలో సొంత తమ్ముణ్ణి నరికినవాడు. ఇప్పుడు ఆ తమ్ముడే తనను నరకడానికి తిరుగుతున్నాడని వణికేవాడు. కత్తి తళుక్కుమనగానే "తమ్ముడూ, నరకొద్దురా" అని కేక పెట్టాడు. భటులు మోకు పట్టుకొచ్చారు.

సింగన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. అయినా కత్తి తిప్పి, పిడి ఓబులయ్య చేతిలో పెట్టాడు. ఎదురుగా కూర్చుని గడ్డం పైకెత్తాడు.

"ముందు నువ్వు నాకు గీయి తాతా."

భటులు ఉన్నచోటే ఆగిపోయారు. కదిలితే ముసలాయన చెయ్యి ఎటు పోతుందోనని వాళ్ళ భయం. కత్తి సింగన్న గొంతు మీదికొచ్చింది. చెయ్యి వణికింది. సన్నగా నెత్తురు గీత కట్టింది. సింగన్న కళ్ళు మూసుకున్నాడు. కదల్లేదు.

ఆ నెత్తురు చూసి ఓబులయ్య కత్తి వదిలేశాడు. తన గుడ్డ చెంగుతో సింగన్న మెడ ఒత్తాడు.

"నువ్వెవరు నాయనా?"

"సింగన్నను. గడ్డం గీయడానికొచ్చాను. నీ తమ్ముడు ఇక్కడ లేడు తాతా."

"వాడేడి?"

"నీ చేతిలోనే పోయాడు. చాలా ఏళ్ళయింది."

ఓబులయ్య కేక పెట్టలేదు. సింగన్న భుజం మీద తల ఆనించి ఏడ్చాడు. దయ్యం ఇలా ఏడవదు అంటూ ఒక ముసలి భటుడు మోకు చుట్టేశాడు.

మరునెలకు ఓబులయ్య అంతా మరిచాడు. మళ్ళీ కేక. సింగన్న మళ్ళీ కత్తి చేతికిచ్చాడు, మళ్ళీ మెడ చాచాడు. మిగతా ముసలివాళ్ళ దగ్గరా అంతే. ఓబులయ్య పోయేదాకా ఆరేళ్ళు అలాగే నడిచింది. సింగన్న మెడ నిండా గీతలే. భయం పోయిందా అని భార్య అడిగితే, గట్టెక్కే ప్రతిసారీ వెనక్కి తిరిగిపోదామనే అనిపిస్తుందన్నాడట. ఆ ఆరేళ్ళలో గోతిలోకి ఒక్కరినీ దించలేదు.

సింగన్న పోయాడు. చెరసాల కూలింది. ఆ ప్రాంతపు మంగళ్ళు ఇప్పటికీ ముసలివాళ్ళకు గడ్డం గీసేముందు కత్తి ఒకసారి వాళ్ళ చేతికిచ్చి, తమ పేరు చెబుతారు. ఇంట్లో పెద్దవాళ్ళు మతి తప్పి అరిస్తే దయ్యమనరు. "వెళ్ళి సింగన్నలా కూర్చో" అంటారు. కూర్చునేవాళ్ళకు భయమేస్తుంది. అయినా కూర్చుంటారు.