చిలక తాగని నీళ్ళు

వెనకటికి ఒక రాజుండేవాడర్రా. రాజంటే ఏనుగులూ అంబారీలూ అనుకునేరు! ఆయన రాజ్యమల్లా ఒక కొండ, దాని మీద గుప్పెడు ఇళ్ళు, అందరికీ కలిపి ఒకటే బావి. ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉంది. పొద్దున్నే తోడిన మొదటి చేద అతిథికి. అతిథి తాగాకే ఊరు తాగాలి, రాజైనా సరే.

ఒకనాడు ధూమకేశి అనే మాంత్రికుడు వచ్చాడు. మొదటి చేద గటగటా తాగి, "ఈ బావి నాకిచ్చెయ్" అన్నాడు.

"నీళ్ళు ఎన్నయినా తాగండి స్వామీ. బావి ఊరందరిదీ, నేనెలా ఇస్తాను?" అన్నాడు రాజు.

మాంత్రికుడు కోపంగా బావిలోకి ఉఫ్‌మని ఊది వెళ్ళిపోయాడు.

మర్నాడు చూద్దురు కదా, నీళ్ళు ధగధగా మెరిసిపోతున్నాయి! నోట్లో పోసుకుంటే చెరుకురసమే. బావిలో కప్పలు మాత్రం అన్నీ గట్టెక్కేశాయి. "పీడా పోయింది, బావి శుభ్రపడింది" అని జనం మురిసిపోయారు. వెర్రి జనం! మూడోనాటికి ఇంటింటా మంచం పట్టారు. రాజుగారి కూతురు చిట్టిమల్లిక కళ్ళు కూడా విప్పడం లేదు.

రాజుకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు కొత్త బావి తవ్విస్తే బండరాయి పడింది. రెండోవాడు బావిలో పన్నీరు పోయించాడు. వాసన మారింది గానీ జబ్బు తగ్గలేదు. మూడోవాడు జయమల్లుడు చెల్లెలి పక్కన కూర్చుని ఏడుస్తుంటే ఒక ముసలి కప్ప గెంతుకుంటూ వచ్చింది.

"మేమెందుకు బయటికొచ్చామో ఒక్కరైనా అడిగారా నాయనా? ఆ నీళ్ళలో ఉన్నది మాంత్రికుడి ఊపిరి. వాడి ప్రాణం ఏడు సముద్రాల అవతల చిలకలో ఉంది. నన్ను ముంతలో వేసుకుని పద, దారి చెబుతాను."

కప్పకి మేనమామ వరసైన తాబేలు ఒకటుంది. దాని వీపెక్కి ఒక సముద్రం దాటారు, రెండు దాటారు, ఆరు దాటారు. ఏడో సముద్రం మాత్రం వేరు. అల లేదు, చప్పుడు లేదు. ఆకాశం పైన ఎంత ఉందో కింద అంతే ఉంది. మబ్బుల్లో పడిపోతానేమోనని జయమల్లుడు తాబేలు మెడ గట్టిగా పట్టుకున్నాడు పాపం.

అవతల దీవిలో బంగారు పంజరం, అందులో చిలక. పక్కనే ఇందులేఖ అనే రాజకుమారి నీళ్ళు కాస్తోంది. మాంత్రికుడు ఎత్తుకొచ్చి పెట్టాడు ఆమెని.

"ఎవరికి ఆ నీళ్ళు?"

"చిలక్కి. వడగట్టి, మరగకాచి, చల్లార్చి పొయ్యాలి. ఒక్క చెడ్డ చుక్క దాని గొంతులో పడిందా, మాంత్రికుడి పని సరి."

జయమల్లుడికి ఒళ్ళు మండిపోయింది. "తన చిలక్కి కాచిన నీళ్ళా! మా చెల్లాయికి విషమా!"

"నన్ను చంపకు బాబూ" అంది చిలక, వణికిపోతూ.

"చంపడమెందుకే? మా ఊరికి అతిథిగా రా."

ఇందులేఖనీ చిలకనీ వెంటబెట్టుకుని కొండ చేరాడు. పొద్దున్నే ఊరంతా చూస్తుండగా మొదటి చేద తోడి, ఆ ధగధగలాడే నీళ్ళు చిలక ముందు పెట్టాడు. "అతిథి తాగాలి. తర్వాతే మేం."

ఆకాశం నల్లబడింది. మాంత్రికుడు ఊడిపడ్డాడు. "ఆగు, ఆగు! దాన్ని తాగనివ్వకు!"

"ఏం, మంచినీళ్ళేగా?"

మాంత్రికుడు గట్టు మీద బోర్లా పడి, ఊదిన ఊపిరంతా వెనక్కి పీల్చాడు. బావిలోంచి నల్లటి పొగ కొండంత లేచి వాడి నోట్లోకి పోతుంటే ఊరు ఊరంతా నోరు తెరుచుకుని చూసింది. నీళ్ళ మెరుపు పోయింది. కప్పలు బెకబెకమంటూ లోపలికి దూకాయి. ఇందులేఖ ఆ నీళ్ళనీ కాచి చల్లార్చి చిట్టిమల్లికకి పట్టింది. పిల్ల కళ్ళు తెరిచి, "ఇంకొంచెం" అంది. అప్పుడు రాజుగారు పసివాడిలా ఏడ్చేశాడు.

ఇందులేఖకీ జయమల్లుడికీ పెళ్ళి చేశారు. వాళ్ళు చల్లగా, చాలాకాలం ఏలారు. చిలక మాత్రం వెళ్ళనంది. అతిథిని పొమ్మనడం ఆ ఊళ్ళో లేదు కదా! బావి గిలక మీదే కాపురం పెట్టింది. రోజూ మొదటి చేద దానిదే. పొద్దున్నే గట్టు కడిగి, చుట్టూ ఊడ్చి, చిలక గుటక వేసేదాకా గజగజ వణుకుతూ నిలబడే ముసలాడు ఎవరో మీకు వేరే చెప్పాలా?