తుమ్మచెట్టు దగ్గర లైట్లు కొట్టినవాడు

పరాంకుశంగారికి వాదన అంటే ఒళ్ళుమంట. గెలిచినవాడికి పొగరు మిగులుతుంది, ఓడినవాడికి పగ మిగులుతుంది, ధర్మం మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుందని ఆయన అభిప్రాయం. అందుచేత ఎవరైనా సందేహం అడిగితే కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకుని, "కూర్చో నాయనా, ఒకడి సంగతి చెప్తాను," అనేవారు. చెప్పడం అయిపోయాక కళ్ళజోడు పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయేవారు. అర్థమైనవాడికి అయినట్టు, కానివాడు మజ్జిగ తాగి ఇంటికి పోవలసిందే.

ఆదివారం పొద్దున ఆయన అరుగు మీదికి గీత వినడానికి వచ్చేవాళ్ళంతా కాస్త కలిగినవాళ్ళే. గుమ్మం ముందు చెప్పులెన్నో వీధిలో కార్లన్ని. ఆ రోజు పాఠం మొదలుపెట్టకముందే కోల్డ్ స్టోరేజీ భుజంగరావు ఫోను చూసుకుంటూ మెట్లెక్కాడు. అతివేగానికి చలానా వచ్చింది. మనిషి భగ్గుమంటున్నాడు.

"అద్దంలాంటి రోడ్డు వేసి ఎనభై దాటొద్దంటే ఎట్లాగండీ? విస్తరి నిండా వడ్డించి మూతికి గుడ్డ కట్టినట్టుంది!"

ఇక చూసుకోండి, తేనెపట్టు కదిలినట్టయింది. బ్యాంకులో రిటైరైన సీతాపతి తన చేతిలో బండి నూట ఇరవైలో పోతున్నా పక్కన వాళ్ళావిడ హాయిగా కునుకు తీస్తుందనీ, ప్రమాదాలు చేసేదంతా చేతకానివాళ్ళేననీ అన్నాడు. ఆ కెమెరాలు మనల్ని కాపాడడానికి కాదు, ఖజానా నింపుకోవడానికని ఇంకొకాయన తేల్చేశాడు. చెట్టుచాటున నక్కి ఫోటో తీయడం ఏం పౌరుషమని మరొకాయన. మనలో మాట, బండి నడపడం తనకు సరిగ్గా రాదని ఒప్పుకున్న మగవాణ్ణి ఇంతవరకు నేను చూడలేదు. ఎప్పుడూ పక్కవాడికే రాదు.

కాసేపటికి భుజంగరావు గురువుగారి వైపు తిరిగాడు. గొంతు తగ్గించి, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు.

"గురువుగారూ, నాదొక సందేహం. కెమెరా బండి ఎక్కడన్నా కనపడిందనుకోండి, అది దాటాక ఎదురొచ్చేవాళ్ళకు లైట్లు కొట్టి చెప్తుంటాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళు. నాకు దమ్మిడీ లాభం లేదు. వాళ్ళు చెయ్యెత్తి దణ్ణం పెట్టి పోతుంటే ఆ పూటంతా మనసు తేలిగ్గా ఉంటుంది. మా అబ్బాయేమో తప్పు నాన్నా అంటాడు. ఇది పరోపకారమా కాదా? మీరే చెప్పండి."

పరాంకుశంగారు కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

ఆయన రెండు ముక్కల్లో చెప్పారు. నేను మాత్రం అలా చెప్పలేను. ఆయన చెప్పిన మనిషిని నేనూ ఎరుగుదును కాబట్టి, నాకు తెలిసింది కూడా కలిపి చెప్తాను, కాస్త ఓపిక పట్టండి.

మిరప చేల మధ్యగా పోయే ఒక రోడ్డు మీద గురవయ్య అని ఒకడు వ్యాను తోలేవాడు. జనాన్ని ఎక్కించుకుని టౌనుకు, టౌన్నుంచి మళ్ళీ ఊళ్ళకు. ఆ దారిలో కాలవ వంతెన దగ్గర పెద్ద మలుపు ఉంది. మలుపు దాటి కొంచెం దూరం పోతే రోడ్డు పక్కన ఒక తుమ్మచెట్టు. ఆ చెట్టు నీడన పోలీసువాళ్ళు కెమెరా బండి పెట్టి కూర్చునేవారు. రోజూ కాదు, వాళ్ళిష్టం వచ్చినప్పుడు. ఆ రోడ్డున తిరిగేవాళ్ళందరికీ ఆ చెట్టు దగ్గర నెమ్మదిగా పోవాలనీ తెలుసు, అది దాటితే భయం లేదనీ తెలుసు.

గురవయ్య ఆ బండి కనపడితే చాలు, ఎదురొచ్చే ప్రతివాడికీ లైట్లు కొట్టేవాడు. కారయినా లారీ అయినా, చివరికి మోపెడయినా సరే. పొద్దస్తమానం ఒళ్ళు హూనం చేసుకునేవాడి కూలి ఫోటోకి పోకూడదని వాడి బాధ. అందులో కల్మషం లేదు, నేను ఒట్టేసి చెప్తాను. కార్లలో పోయేవాళ్ళు కూడా వాణ్ణి గుర్తుపట్టి చెయ్యెత్తేవారు. టీ కొట్టు దగ్గర, "ఏరా, డ్యూటీ ఎక్కావా?" అని ఆటపట్టించేవారు. అయిదో క్లాసుతో బడి మానేసినవాడు, ఊళ్ళో ఎవరూ లెక్కచేయనివాడు. రోడ్డు మీద మాత్రం వాడికో మర్యాద ఉండేది. ఆ మర్యాద కోసం వాడు ప్రాణం పెట్టేవాడు.

వాడికి వెనకా ముందూ ఉన్నది అక్క ఒక్కతే. పున్నమ్మ. తల్లి పోయేనాటికి వీడు పాలు మరవని పసివాడు. మిరపకాయ కోతలకు పోయి, ఆ కారం చేతులు కడుక్కుని కడుక్కుని వీడికి ముద్దలు కలిపి పెట్టి పెంచింది. పెళ్ళి చేసుకోవే అంటే, "వీణ్ణెవరికి వదిలిపోను?" అనేది. వీడు వ్యాను కొన్నాక కూడా కోతలకు పోవడం మానలేదు. కూర్చుంటే కాళ్ళు పట్టేస్తాయని సాకు.

"ఏందిరా, రోడ్డెమ్మట లైట్లు కొట్టుకుంటా తిరుగుతున్నావంట? పెళ్ళి ఊరేగింపా?" అనేది.

"ఊరుకోవే అక్కా. నీకు తెలవదు," అనేవాడు గురవయ్య, మురిసిపోతూ.

మాఘమాసంలో ఒకరోజు. ఎండ ఇంకా పూర్తిగా వాలలేదు. కోతలు ముగించుకుని ఆడవాళ్ళు ఆటోలో టౌను వైపు తిరిగొస్తున్నారు. ఎక్కవలసినవాళ్ళకు రెట్టింపు ఎక్కారు, అది మామూలే. వెనకాల కొంచెం దూరంలో గురవయ్య వ్యాను. వంతెన మలుపులో ఆటోకి గేదె అడ్డమొచ్చింది. ఆటోవాడు హ్యాండిలు కోశాడు. బండి పల్టీకొట్టి రోడ్డు అవతలి సగంలో, ఎదురొచ్చేవాళ్ళ దారిలో పడింది.

గురవయ్య వచ్చేసరికి ఆడవాళ్ళు కొందరు దుమ్ములో కూర్చుని మూలుగుతున్నారు. ఒకావిడ నుదురు పగిలింది. అయ్యో అయ్యో అని అరుపులు. పున్నమ్మ మాత్రం ఆటో కింద ఉంది. మోకాలి దాకా ఇరుక్కుపోయింది. స్పృహలోనే ఉంది. తమ్ముణ్ణి చూడగానే ధైర్యం వచ్చింది.

"ఒరే గురవా! కాలే ఇరుక్కుంది, ఇంకేం కాలా. బండి లేపండయ్యా, నేనే లాక్కుంటాను."

వ్యానులోవాళ్ళు దూకి ఆటో చుట్టూ చేరారు. గురవయ్య కూడా భుజం పెట్టబోయి ఆగాడు. ఎదురుగా మలుపు. అవతల్నించి వచ్చేవాడికి తుప్పల చాటున ఏమీ కనపడదు. ఆ రోడ్డు మీద బండ్లు ఎంత జోరుగా వస్తాయో వాడికి తెలిసినట్టు ఎవరికి తెలుసు? వాడి పై ప్రాణాలు పైనే పోయాయి.

"మీరు లేపండి! నేను పోయి బండ్లు ఆపుతా!" అని వ్యానెక్కాడు.

"జాగర్తరా," అంది అక్క. తను ఆటో కింద ఉండి వాడికి జాగర్త చెప్పింది, చూడండి!

రోడ్డంచున వ్యాను దూర్చి మలుపు దాటాడు. తుమ్మచెట్టు కూడా దాటి, రోడ్డు సూటిగా కనపడేచోట పక్కకు ఆపాడు. ఆ వేళ చెట్టు కింద కెమెరా బండి లేదు. వ్యానుని రోడ్డుకి అడ్డంగా తిప్పి పెడితే సరిపోయేది. ఆ ఆలోచన వాడికి రాలేదు. పదేళ్ళుగా ఆ రోడ్డు మీద ఎదుటివాడికి ఏదన్నా చెప్పాలంటే వాడు చేసింది ఒక్కటే. చెయ్యి దానంతటదే స్విచ్చి మీదికి పోయింది.

లైట్లు కొట్టాడు. ఆపకుండా కొట్టాడు.

ముందుగా ఒక మోటారు సైకిలు వచ్చింది. నడిపేవాడు వ్యానుని చూశాడు, నెమ్మది చేశాడు, తలూపి ముందుకు పోయాడు. "అమ్మయ్య!" అనుకున్నాడు గురవయ్య. లైట్లు పనిచేస్తున్నాయి. ఎందుకైనా మంచిదని పక్క అద్దంలోకి చూశాడు. ఆ మోటారు సైకిలు తుమ్మచెట్టు దాకా మెల్లగా పోయింది. నడిపేవాడు మెడ తిప్పి చెట్టు కిందికి చూశాడు. ఎవరూ లేరు. బర్రుమని లాగించుకుని మలుపు తిరిగాడు. సన్నబండి కాబట్టి సందులోంచి తప్పించుకుపోయాడని తర్వాత తెలిసింది.

గురవయ్యకు అప్పుడు అర్థమైంది.

తలుపు తోసుకుని కిందికి దూకాడు. అప్పటికే తెల్లకారొకటి వచ్చేస్తోంది. వాడు కొట్టిన లైట్లు ఆ కారాయన దూరాన్నుంచే చూసి నెమ్మది చేసుకుంటూ వస్తున్నాడు. గురవయ్య భుజాన తువ్వాలు లాగి ఊపుతూ రోడ్డు మీదికి ఉరికాడు. "ఆపండయ్యా! మనుషులున్నారు! మా అక్క ఉంది!" అని గుండెలవిసేలా అరిచాడు. కారు అద్దాలు ఎత్తి ఉన్నాయి. లోపల చల్లగా ఉంది. ఆయన స్టీరింగు కొంచెం కోసి, వీణ్ణి జాగ్రత్తగా తప్పించి, నవ్వుతూ చెయ్యెత్తి దణ్ణం పెట్టాడు. ఇంత కష్టపడి రోడ్డు మీదికొచ్చి మరీ చెప్తున్నాడే, ఎంత మంచివాడో అనుకున్నాడట.

గురవయ్య కారు వెంట పరుగెత్తాడు. చెప్పులు ఊడిపోయాయి, చూసుకోలేదు. తుమ్మచెట్టు దగ్గర కారు బాగా నెమ్మదించింది. వెనకాల ఎర్రలైట్లు వెలిగాయి. ఆగుతుందనుకున్నాడు. వాడికి తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాడు. ఎర్రలైట్లు ఆరిపోయాయి. పోయిన టైమంతా కలిసి రావాలన్నట్టు కారు ఒక్క ఊపున మలుపులోకి పోయింది.

మలుపు అవతల అప్పుడే ఆటోని లేపుతున్నారు. ఇంకొక్క దమ్ము పట్టి ఉంటే కాలు బయటికి వచ్చేది. కారు కనపడగానే లేపుతున్నవాళ్ళందరూ పక్కకి దూకారు. పున్నమ్మ దూకలేకపోయింది.

ఆ చప్పుడు గురవయ్య చెట్టు దగ్గరుండి విన్నాడు. ఇంక పరుగెత్తలేదు. ఆ కాస్త దూరమూ నడుచుకుంటూ పోయాడు.

తర్వాత వాడు వ్యాను అమ్మేశాడు. ఇప్పుడు మిరప యార్డులో బస్తాలు మోస్తున్నాడు. పలకరిస్తే పలుకుతాడు, నవ్విస్తే నవ్వుతాడు కూడా. ఎవరైనా దూరాన్నుంచి చెయ్యెత్తి నమస్కారం పెడితే మాత్రం మనిషి గజగజ వణుకుతాడు. ఎరిగినవాళ్ళం దగ్గరికి పోయి పలకరిస్తాం గాని చెయ్యెత్తం.

పరాంకుశంగారు ఇక్కడికి చెప్పి ఆపారు. ఇందాక కునుకు తీసే ఆవిడ గురించి చెప్పిన సీతాపతి చాప వైపు చూస్తూ కూర్చున్నాడు. భుజంగరావు కాస్త ముందుకు జరిగి అడిగాడు.

"ఆ కారాయన తాగి ఉన్నాడాండీ?"

"లేదు. చుక్క ముట్టడు. ఇద్దరు పిల్లల తండ్రి. బండి తోలడంలో మంచి పేరున్నవాడే. ఆసుపత్రి వరండాలో తల బాదుకుని ఏడ్చాడు."

"మరి... ఎదుటివాడు అన్ని లైట్లు కొట్టాడు కదండీ. ఈయన చూశాడు, నెమ్మది కూడా చేశాడు. అంతా చేసి మళ్ళీ ఎందుకు తొక్కాడు?"

"పోలీసువాళ్ళూ అదే అడిగారు నాయనా," అన్నారు పరాంకుశంగారు. కళ్ళజోడు పెట్టుకుని, లోపలికి పోవడానికి లేచి నిలబడ్డారు. "'అక్కడ కెమెరా లేదండీ' అన్నాడు. అబద్ధం చెప్పలేదు పాపం. నిజంగానే లేదు."