బుచ్చెంకి కాచిన నల్లమధువు

ఒకానొక రాజ్యంలో నల్లమధువంటే జనానికి పిచ్చి. చిక్కగా, తియ్యగా, కాటుక రంగులో ఉండే ఆ పానీయం రాజుగారి పానశాలలో మాత్రమే తయారయ్యేది. ఎంత పొద్దున్నే వెళ్లి నిలబడినా, పెద్దల ఇళ్లకు పోగా సామాన్యుడికి చుక్క దక్కేది కాదు.

కల్లు అమ్ముకునే బుచ్చెంకి కూడా చాలాసార్లు ఉత్త చేతులతో తిరిగొచ్చింది. చివరికి విసిగిపోయి, రాగుల్ని నల్లగా వేయించి, తాటిబెల్లం కలిపి తనే ఒక పానీయం పులియబెట్టింది. వాడంతా ఆమె గుడిసె ముందు చేరింది.

పానశాల అధికారి జగ్గరాయుడికి ఒళ్లు మండింది. కుండలన్నీ లాక్కుని, ఆమెను రాజు ముందు నిలబెట్టాడు.

“ప్రభూ! ఇది మన నల్లమధువు గుట్టు దొంగిలించింది. చేతులు నరికించండి!”

బుచ్చెంకి తల దించలేదు. “నా కుండలో ఉన్నది మీ మధువేనా, బాబూ?” అని అడిగింది.

“ముమ్మాటికీ అదే!”

“అయితే రాజుగారు తాగేదీ, మా వాడోళ్లు తాగేదీ ఒకటేనని ఊరంతా చాటింపు వేయించండి.”

సభలో ఎవరో కిసుక్కున నవ్వారు. జగ్గరాయుడు కంగారుపడ్డాడు. “ఛీ ఛీ! ఆ మురికినీళ్లకీ మన మధువుకీ పోలికే లేదు ప్రభూ!”

“పోలికే లేకపోతే నేను దొంగిలించిందేమిటి? నా కుండలు నాకిప్పించండి.”

రాజు పకపకా నవ్వి సరేనన్నాడు.

కుండలు మోసుకొచ్చిన భటులు గుడిసె ముందు దించి, కదలకుండా నిలబడ్డారు. “అమ్మా, మాకూ ఒక్కో ముంత...” అని నసిగారు.

బుచ్చెంకి అందరికీ పోసి, ఇంకో ముంత నింపి వాళ్ల చేతికిచ్చింది.

“ఇది మీ జగ్గరాయుడు దొరకివ్వండి. మురికినీళ్లని చెప్పే ఇవ్వండి. ఎంత మిగులుస్తాడో చూద్దాం.”